సినిమాలో దొంగ గోలీ, మన ఊరి గోలీ

'డైయింగ్ టు సర్వైవ్' చూసినవాళ్లు రెండు గుంపులుగా చీలిపోతారు. "ప్రాణం మీదికొస్తే చట్టమేంటి, తోకేంటి?" అంటుంది ఒక గుంపు. "అందరూ కాపీ కొట్టుకుంటూ కూర్చుంటే రేపు కొత్త మందు కనిపెట్టేదెవరు?" అంటుంది ఇంకోటి. 2018 జూలైలో చైనాలో విడుదలై మూడు వందల కోట్ల యువాన్లకు పైగా వసూలు చేసిన సినిమా అది. షాంఘైలో మగాళ్ల నూనెలు అమ్ముకునే ఓ చిల్లర దుకాణదారు చేతిలో డబ్బులాడక, బ్లడ్ క్యాన్సర్ గోలీలు ఇండియా నుంచి దొంగదారిన తెప్పించి అమ్ముతాడు. మొదట లాభానికి, తర్వాత జాలికి. చివరికి జైలుకి పోతాడు.

వాదన రంజుగానే ఉంటుంది గానీ రెండు గుంపులూ ఒక ప్రశ్న అడగవు. ఆ సీసాలో ఉన్నది నిజంగా మందేనని ఎవరి పూచీ? గోలీ పనిచేసింది కాబట్టి హీరో దేవుడయ్యాడు. అదే సినిమాలో ఉత్త డూప్లికేట్ సరుకు అమ్మే ఇంకొకడున్నాడు. వాడూ రోగుల ముందు దేవుడిలాగే మాట్లాడతాడు. సీసా చేతిలో పట్టుకున్న రోగికి ఇద్దరిలో ఎవరు ఎవరో తెలిసే దారి ఏది?

ఈ ప్రశ్న హైదరాబాద్‌లో కూర్చుని అడగడానికి కారణం ఉంది. సినిమాకు ఆధారమైన లూ యోంగ్ అనే ఆయన జియాంగ్సు రాష్ట్రం వూషీ ఊళ్లో బట్టల ఎగుమతి వ్యాపారి. 2002లో ఆయనకు క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్, పొట్టిగా సీఎంఎల్, ఉన్నట్టు తేలింది. దానికి వాడే నోవార్టిస్ కంపెనీ మందు గ్లివెక్ అప్పట్లో నెలకు 23,500 యువాన్లు. ఇంట్లో ఉన్నదంతా ఊడ్చుకుపోతున్న వేళ, 2004లో ఇండియా జెనరిక్, అంటే అదే మందును ఇంకో కంపెనీ తన పేరుతో చవగ్గా చేసింది, ఉందన్న సంగతి తెలిసింది. దాని పేరు వీనాట్. చేసింది మన బంజారాహిల్స్‌లో ఆఫీసున్న నాట్కో. తను వాడి చూసి, తోటి రోగులకూ తెప్పించడంలో సాయపడ్డాడు. సినిమా హీరోలా లాభానికి అమ్మలేదు. 2014లో హునాన్ రాష్ట్రంలో ఆయన మీద కేసు నడిచింది, వెయ్యి మందికి పైగా రోగులు సంతకాలు పెట్టి మొర పెట్టుకున్నారు, 2015 మొదట్లో ప్రాసిక్యూటర్లు కేసు ఎత్తేశారు. కొన్నాళ్లు నిర్బంధంలో ఉన్నాడు గానీ శిక్ష పడలేదు. అయిదేళ్ల శిక్ష సినిమావాళ్లు వేసింది.

అంటే చైనా చట్టం "నకిలీ మందు" అన్న గోలీ, ఇక్కడ లైసెన్సున్న ఫ్యాక్టరీలో తయారై, బిల్లు మీద అమ్ముడుపోయే మామూలు సరుకు. విమానం ఎక్కి దిగేలోపు దానిలో రసాయనమేమీ మారలేదు. మారింది దాని పేరు.

ముందు గోలీ సంగతి. సీఎంఎల్‌లో 9, 22 నంబర్ల క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. ఆ అతుకు దగ్గర బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రొటీన్ పుట్టి, తెల్ల కణాలను ఆపు లేకుండా పెరగమంటుంది. గ్లివెక్‌లోనూ వీనాట్‌లోనూ ఉన్న అసలు మందు ఇమాటినిబ్ వెళ్లి ఆ ప్రొటీన్ గొంతులో అడ్డంగా కూర్చుంటుంది. అమెరికాలో 2001 మే నెలలో అనుమతి వచ్చింది. మామూలు మోతాదు రోజుకు 400 మిల్లీగ్రాములు, అదీ ఏళ్ల తరబడి. గోలీలో ఉండేది దాని మెసిలేట్ లవణం కాబట్టి తూకం 478 మిల్లీగ్రాములు వస్తుంది. ఏడాదికి లెక్కేస్తే అసలు మందు 146 గ్రాములు, లవణంగా 174 గ్రాములు. పావుకిలో చాయ్‌పత్తా ప్యాకెట్ అంత కూడా కాదు.

ఆ 146 గ్రాములకు అమెరికాలో మొదట ఏడాదికి 30,000 డాలర్ల దాకా ఉండేది. 2012కి 92,000 అయింది. ఈ లెక్క బయటపెట్టింది ఎవరో ఉద్యమకారులు కాదు. వందమందికి పైగా సీఎంఎల్ నిపుణులు 2013లో కలిసి రాసిన వ్యాసంలో ఉంది. పరిశోధన ఖర్చు ఎప్పుడో ఒకసారి పెట్టేసిందే. పదేళ్లలో గోలీలో కొత్తగా చేరిందేమీ లేదు. అయినా ధర మూడింతలైంది. "పరిశోధన ఖర్చు రాబట్టుకోవద్దా?" అన్న మాట సగం వరకే నిలబడుతుందని నేననేది ఇందుకే. మన దేశంలో అదే గ్లివెక్ నెలకు లక్షా ఇరవై వేల రూపాయల దాకా ఉంటే, జెనరిక్ ఎనిమిది పది వేలకు దొరికేది. ఇప్పుడు అంతకన్నా బాగా తగ్గింది.

ఎలా సాధ్యమైందో తెలియాలంటే బాలానగర్ నుంచి మొదలుపెట్టాలి. 1960లలో సోవియట్ సాయంతో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు అక్కడ పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి అందులో పనిచేసి వచ్చినవాడే. రెండో కాలు చట్టం. రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక మీద కట్టిన 1970 పేటెంట్ల చట్టం, 1972 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చి, మందు మీద పేటెంట్ ఇవ్వనంది. తయారీ పద్ధతి మీదే, అదీ కొద్ది ఏళ్లకే ఇచ్చింది. పద్ధతి మార్చి అదే మందు చేస్తే తప్పు కాదు. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరుల్లో మందుల ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ యూనిట్లు పుట్టగొడుగుల్లా లేచింది ఈ సందులోంచే. వేరే దారిలో అదే మాలిక్యూల్‌కి చేరడం ఈ ఊరి కెమిస్టుకి చేతిలో విద్య అయిపోయింది. ఆ రోజుల్లో దీన్ని దొంగతనం అన్నవాళ్లు బయటివాళ్లే. ఇక్కడ అది ఉద్యోగం.

2005 జనవరి 1 నుంచి మందు మీదే పేటెంట్ ఇవ్వాల్సి వచ్చింది, ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం. అయితే పార్లమెంటు ఒక మేకు కొట్టి ఉంచింది. సెక్షన్ 3(డి): తెలిసిన పదార్థానికే కొత్త రూపం తెచ్చి చూపిస్తే చాలదు, దాని వల్ల మందు పనితనం చెప్పుకోదగ్గంత పెరగాలి. గ్లివెక్ కేసు మొత్తం ఈ మేకు దగ్గరే ఆగింది. ఇమాటినిబ్ మీద అసలు పేటెంట్ 1990లలోనిది. ఇక్కడ 1998లో నోవార్టిస్ అడిగింది ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపానికి. బీటా రూపం తేమ తక్కువ పీలుస్తుంది, పొడి మెషీన్లో సాఫీగా జారుతుంది. ఫ్యాక్టరీ వాడికి ఇది పెద్ద సుఖమే. కానీ రోగికి ఒరిగేదేంటి? చెన్నై పేటెంట్ ఆఫీసు 2006లో కాదంది, మద్రాసు హైకోర్టు 2007లో 3(డి) చెల్లుతుందంది, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తలుపు మూసేసింది. ఆ కేసులో నోవార్టిస్‌కి ఎదురు నిలిచినవాళ్లలో నాట్కో ఒకటి, క్యాన్సర్ రోగుల సంఘం ఒకటి.

సినిమా ఇక్కడ అడ్డంగా తప్పింది. కథలో స్విస్ కంపెనీ దెబ్బకు ఇండియా ఫ్యాక్టరీ మూతపడుతుంది. హీరో రిటైల్ షాపుల్లో రెండు వేలకు కొని అయిదు వందలకు అమ్ముతూ చేతిచమురు వదిలించుకుంటాడు. త్యాగం చూపించడానికి అక్కరకొచ్చింది కాబోలు. నిజంలో కంపెనీ ఓడింది, గోలీల ఉత్పత్తి సాగింది, ధర ఇంకా పడింది. హైదరాబాద్ ప్రేక్షకుడికి గుచ్చుకోవాల్సిన సీను అది. సినిమాలో హీరోకి త్యాగం తప్ప దారి లేదు, ఇక్కడ కోర్టు, చట్టం కలిసి దారి వేశాయి.

సరే, పూచీ సంగతికొద్దాం. కాపీ అన్న ఒక్క మాట కింద మనం నాలుగు వేరు వేరు సరుకులను కుక్కేస్తున్నాం. పేటెంట్ అయిపోయాకో, అసలు లేకపోతేనో చేసే జెనరిక్ ఒకటి. ఒక దేశంలో అనుమతి ఉండి, ఇంకో దేశంలోకి అనుమతి లేకుండా దాటించింది రెండోది, లూ యోంగ్ గోలీ ఇదే. బతికున్న పేటెంట్‌ని తొక్కి చేసింది మూడోది. మందు బాగానే ఉండొచ్చు, తగువు ఇద్దరు వ్యాపారుల మధ్య. నాలుగోది అసలు మందే లేనిది. మన 1940 డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ఈ నాలుగోదానికి 17బి సెక్షన్ కింద వేరే పేరు పెట్టి, మనిషి చస్తే కనీసం పదేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష రాసింది. చైనా పాత చట్టం మాత్రం రెండోదాన్నీ నాలుగోదాన్నీ ఒకే గాటన కట్టింది: అనుమతి లేని దిగుమతి ఏదైనా నకిలీయే. 2019 డిసెంబర్ 1 నుంచి అమలైన కొత్త చట్టంలో ఆ ముడి విప్పారు. బయటి దేశంలో చట్టబద్ధంగా అమ్మే మందును కొద్దిగా తెచ్చుకుంటే శిక్ష తగ్గించవచ్చు, లేదా వదిలేయవచ్చు.

నాలుగో రకం ఖరీదైన బ్రాండ్లకే వస్తుందనుకోవడం పొరపాటు. 2024 మార్చిలో తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్లు పట్టుకున్న యాంటీబయాటిక్ గోలీల్లో సుద్దపొడి, స్టార్చ్ ఉన్నాయి. స్ట్రిప్ మీద ఉన్న కంపెనీ భూమ్మీదే లేదు. అదే నెలలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠా పద్ధతి వేరు: ఆసుపత్రుల్లో వాడి పారేసిన ఖరీదైన క్యాన్సర్ ఇంజెక్షన్ సీసాలు కొని, ఫంగస్ మందు నింపి మళ్లీ అమ్మేవాళ్లు. సీసా అసలుదే, లేబుల్ అసలుదే, లోపలున్నది మాత్రం వేరు. 2012లో అమెరికాలో కూడా అవాస్టిన్ అనే క్యాన్సర్ ఇంజెక్షన్ నకిలీది దొరికింది, అందులో మందు చుక్క లేదు. యుద్ధం తర్వాతి వియన్నాలో పెన్సిలిన్ పలచన చేసి అమ్మే విలన్‌ని 1949లోనే 'ది థర్డ్ మ్యాన్' చూపించింది. రెండు సినిమాల మధ్య 69 ఏళ్లు, ఒకే వ్యాపారానికి రెండు ముఖాలు.

మరి మంచి కాపీ మంచిదని ఎలా తెలుస్తుంది? చూస్తే తెలియదు. నాలిక మీద పెట్టుకున్నా తెలియదు. బయోఈక్వివలెన్స్ అనే పరీక్ష ఉంది. ఆరోగ్యంగా ఉన్న పాతిక ముప్పై మంది వాలంటీర్లకు ఒకసారి అసలు బ్రాండ్, మందు ఒంట్లోంచి పూర్తిగా పోయాక ఇంకోసారి కాపీ ఇస్తారు. ఎవరికి ఏది ముందు అన్నది చీటీ తీసినట్టు పంచుతారు. గంట గంటకూ రక్తం తీసి, మందు ఎంత ఎత్తుకు చేరింది, మొత్తం ఎంత ఒంటికి పట్టింది అని గీత గీస్తారు. రెండింటి నిష్పత్తి తాలూకు 90 శాతం విశ్వాస అవధి, అంటే అసలు నిష్పత్తి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో లెక్క చెప్పే మేర, మొత్తం 80 నుంచి 125 శాతం లోపల ఇమడాలి.

ఈ అంకె మీద ఊరంతా ఒక అపోహ ఉంది: జెనరిక్‌లో మందు ఇరవై శాతం తక్కువ ఉండొచ్చట! డాక్టర్లూ అంటారు, అది చూస్తే ఒళ్లు మండుతుంది. అవధి మొత్తం ఆ గడిలో పట్టాలి కాబట్టి, సగటే 85 దగ్గరుంటే దాని కింది కొస 80 దాటి పడిపోయి పరీక్ష తప్పుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 12 ఏళ్ల 2,070 పరీక్షలు తిరగేస్తే, ఒంటికి పట్టిన మొత్తంలో బ్రాండ్‌కీ జెనరిక్‌కీ సగటు తేడా మూడున్నర శాతం. గోలీలో ఉండాల్సిన మందు తూకం వేరే పరీక్ష, దాని హద్దు ఇంకా ఇరుకు.

మన దగ్గర లోపం ఇంకోచోట ఉంది. ఒక మందు కొత్తగా అనుమతి పొందిన నాలుగేళ్ల తర్వాత, రాష్ట్ర అధికారే లైసెన్సు ఇచ్చేయొచ్చు, అప్పుడు ఈ రక్త పరీక్ష అడగనక్కర్లేదు అన్నట్టు నడిచేది. 2017 ఏప్రిల్‌లో నియమం మార్చి, నీళ్లలో సరిగా కరగని తరగతుల మందులకు ఎప్పుడైనా సరే పరీక్ష తప్పనిసరి చేశారు. కాబట్టి "జెనరిక్ అంతా ఒకటే" అన్నదీ, "జెనరిక్ అంతా మోసం" అన్నదీ రెండూ బద్ధకపు మాటలు.

తయారీలో ఎక్కడ తేడా కొడుతుందో ఒక్కచోట దగ్గరగా చూడండి. గోలీ నొక్కే ముందు పొడిలో మెగ్నీషియం స్టియరేట్ కలుపుతారు, పంచ్‌లకు అంటుకోకుండా. వందకు అరపాలో ఒక పాలో. చివర్లో కలిపి మూడు నుంచి అయిదు నిమిషాలు తిప్పి ఆపేయాలి. షిఫ్టు మారే హడావుడిలో ఇరవై నిమిషాలు తిరిగిందనుకోండి, ఆ జిడ్డు ప్రతి రేణువు చుట్టూ పొరలా పట్టేస్తుంది. నీళ్లు లోపలికి దిగవు. తూకం సరిగ్గా ఉంటుంది, రంగు సరిగ్గా ఉంటుంది, మందు నూటికి నూరు ఉంటుంది, కడుపులో మాత్రం టైముకు కరగదు. దీన్ని సూటిగా పట్టేది కరుగుదల పరీక్ష. ప్రతి బ్యాచ్‌కీ అది చేసే ఫ్యాక్టరీకీ, కాగితం మీద చేసినట్టు రాసే ఫ్యాక్టరీకీ ధరలో తేడా కొన్ని పైసలే.

ఇంకోటి లవణం దగ్గర. మెసిలేట్ అంటే మీథేన్ సల్ఫోనిక్ ఆమ్లంతో చేసిన లవణం. ఆ ఆమ్లం ఐసోప్రొపనాల్ లాంటి ఆల్కహాల్‌తో ఎక్కువసేపు కలిసి ఉంటే, డీఎన్‌ఏని చెడగొట్టే మెసిలేట్ ఎస్టర్లు పుడతాయి. జీవితాంతం మింగే మందుకు మామూలుగా వేసే హద్దు రోజుకు 1.5 మైక్రోగ్రాములు. 478 మిల్లీగ్రాముల గోలీకి లెక్కేస్తే పది లక్షల పాళ్లలో సుమారు మూడు పాళ్లు. ఈ తప్పు కాపీ చేసేవాళ్లే చేస్తారని అనుకోకండి. 2007 జూన్‌లో రోష్ కంపెనీ తను అమ్మే బ్రాండ్ హెచ్‌ఐవీ మందు విరాసెప్ట్‌ని యూరప్ మార్కెట్ నుంచి మొత్తం వెనక్కి పిలిచింది. మీథేన్ సల్ఫోనిక్ ఆమ్లం ట్యాంకుని కడిగిన ఇథనాల్ పూర్తిగా ఆరకుండా మిగిలి, నెలల తరబడి ఆమ్లంతో కలిసి, ఇథైల్ మెసిలేట్ అయి మందులోకి దిగింది. అసలు బ్రాండ్ అన్న మాట ట్యాంకు కడిగినవాడి చేతిని కాపాడలేదు. కాపాడింది వెనక్కి పిలిచే ఏర్పాటు: ఏ బ్యాచ్ ఎక్కడికి పోయిందో రాసి ఉంది కాబట్టి పిలవగలిగారు.

దొంగదారి తెంపేది సరిగ్గా ఈ తీగనే. సూట్‌కేసులో పోయిన సీసా మీద బ్యాచ్ నంబరు ఉంటుంది గానీ, ఆ బ్యాచ్‌లో లోపం తేలితే షాంఘైలో రోగికి చెప్పేవాడు లేడు. లూ యోంగ్ గోలీ మంచిదయిందంటే, దాని వెనక ఇక్కడి లైసెన్సు, ఇక్కడి ఇన్‌స్పెక్షన్, ఇక్కడి చట్టం ఉన్నాయి. చట్టాన్ని దాటొచ్చిన గోలీ ఇంకో చట్టం నీడలో పుట్టిందే. ప్రాణమా చట్టమా అన్న వాదనలో నేను రోగి పక్షమే. చావబోయే మనిషి ఆ గోలీ మింగితే తప్పు పట్టను. కానీ దాన్ని పద్ధతిగా పొగిడే సినిమా ప్రేమికుల పక్షం మాత్రం కాదు.

ఎందుకంటే పాత్రలు ఇప్పుడు తిరగబడ్డాయి. 2005 తర్వాత వచ్చిన క్యాన్సర్ మందుల్లో చాలావాటికి మన దేశంలోనే పేటెంట్లున్నాయి, ఇక్కడి కంపెనీలు చేయలేవు. వెనకబడిన దేశంగా బంగ్లాదేశ్‌కి మందుల పేటెంట్ల నుంచి మినహాయింపు ఉంది. అక్కడ చేసిన కాపీలు దొంగదారిన మన ఊళ్లోకి దిగుతున్నాయి. మనం ఇప్పుడు చైనా సీట్లో ఉన్నాం, ఢాకా మన సీట్లో ఉంది. నిన్నటిదాకా "మా ఊరి గోలీ" అని చాతీ విరిచినవాళ్లు ఆ సీసాని చూసి ముఖం చిట్లిస్తే నవ్వొస్తుంది. అడగాల్సింది మాత్రం అదే పాత ప్రశ్న: బిల్లు ఎవరిచ్చారు, బ్యాచ్ చెడితే ఎవరు పిలుస్తారు?

ఇక్కడ ఇంకా రాని మందుకి ఒక సక్రమమైన దారి ఉంది, చాలామందికి తెలియదు. డాక్టర్ చీటీ పెట్టి ఫారం 12ఏ నింపి కేంద్ర డ్రగ్ కంట్రోల్ సంస్థకి పంపితే, 12బి అనే అనుమతి ఇస్తారు. సొంత వాడకానికి, వంద సగటు మోతాదుల దాకా తెచ్చుకోవచ్చు. ధర తగ్గదు, కానీ కస్టమ్స్ దగ్గర ప్యాకెట్ ఆగదు.

కంపెనీల పక్షాన చెప్పాల్సింది లేకపోలేదు. సుమారు 16,000 మందికి, అంటే ఇక్కడ గ్లివెక్ వాడేవాళ్లలో 95 శాతం మందికి, ఉచితంగా ఇస్తున్నామని 2013లో నోవార్టిస్ చెప్పింది. చైనాలో మూడు నెలలకు డబ్బు కడితే తొమ్మిది నెలలు ఉచితం అనే పథకం నడిపారు. మంచిదే. అయితే ఆ మూడు నెలలకే 70,000 యువాన్లు దాటేది. పేదవాడినని కాగితాలతో నిరూపించుకుని, కంపెనీ దయ తలచాక మింగే గోలీకీ, షాపుకెళ్లి కొనుక్కునే గోలీకీ తేడా క్యూలో నిలబడ్డవాళ్లకు తెలుస్తుంది.

సినిమా వాదనల్లో ఎవరూ తేని మూడో దారి కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంట్ ఉన్నవాడు ఒప్పుకోకపోయినా ఇంకొకరు చేసుకోవచ్చని ప్రభుత్వం ఇచ్చే అనుమతి. 2012 మార్చి 9న మన పేటెంట్ కంట్రోలర్ ఇచ్చింది ఇప్పటిదాకా దేశంలో ఒకే ఒక్కటి. బేయర్ కంపెనీ లివర్, కిడ్నీ క్యాన్సర్ మందు నెక్సావర్ అప్పట్లో నెలకు 2,80,000 రూపాయల పైచిలుకు. పేటెంట్ బతికుండగానే, 120 గోలీలు 8,880 రూపాయలకు అమ్మాలన్న షరతు మీద, బేయర్‌కి అమ్మకాల్లో 6 శాతం రాయల్టీ కట్టమని చెప్పి లైసెన్స్ ఇచ్చారు. ఆ రాయల్టీ తర్వాత 7 అయింది. లైసెన్స్ పుచ్చుకున్నది మళ్లీ నాట్కోనే. కనిపెట్టినవాడికి డబ్బు ముట్టింది, బ్యాచ్ నంబర్ల తీగ తెగలేదు, ఎవరూ జైలుకి పోలేదు. సినిమాకి పనికిరాని కథ, అందుకే ఎవరికీ గుర్తుండదు.

2025 అక్టోబర్‌లో ఇలాంటిదే ఇంకోటి, కోర్టు దారిన. కండరాలు కరిగిపోయే ఎస్‌ఎంఏ జబ్బుకి వాడే రిస్డిప్లాం సీసా రోష్ ధర 6 లక్షలు దాటి ఉంటే, కోర్టులు ఆపడానికి ఒప్పుకోకపోయేసరికి నాట్కో 15,900కి తెచ్చింది. సీసాలో 60 మిల్లీగ్రాములు. ఇరవై కిలోలు దాటిన పిల్లాడికి రోజుకి 5 చొప్పున పన్నెండు రోజులొస్తుంది, ఏడాదికి ముప్పై సీసాలు. తగ్గాక కూడా దాదాపు 4,77,000. దీన్ని చవక అనడానికి నాకు నోరు రాదు.

చవక అన్నప్పుడు పటాన్‌చెరుని దాటేసి పోవడం కూడా న్యాయం కాదు. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనబడింది. మనిషి రక్తంలో మందుగా పనిచేసే మోతాదు కంటే ఎక్కువ. ప్రపంచానికి రూపాయికి అమ్మిన గోలీలో అక్కడి నక్కవాగు నీళ్ల ఖరీదు కట్టలేదు.

ఇక కౌంటర్ దగ్గర. కోఠి హోల్‌సేల్‌లోనైనా, రెడ్ హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి చుట్టుపక్కల షాపుల్లోనైనా ఒకటే పద్ధతి. బిల్లు అడగండి, బిల్లు మీద బ్యాచ్ నంబరు సీసా మీదున్నదే అవునో కాదో అక్కడే చూడండి. "బిల్లు లేకుండా ఇంకో పదిహేను శాతం తగ్గిస్తాం" అన్నచోట కొనకండి. ఆ పదిహేను శాతం మీరు పూచీని అమ్ముకున్న ధర. "మార్కెటెడ్ బై" అన్న పేరు కాదు, "మ్యాన్యుఫాక్చర్డ్ బై" కింద చిరునామా, లైసెన్స్ నంబరు చూడండి. క్యూఆర్ కోడ్ 2023 ఆగస్టు నుంచి మూడు వందల బ్రాండ్లకే తప్పనిసరి, మిగతా వాటి మీద లేకపోతే అనుమానించనక్కర్లేదు. కోడ్‌ని ముద్రించడం దొంగకీ వచ్చు కాబట్టి, ఉంటే మురిసిపోనూ అక్కర్లేదు. అనుమానం తీరకపోతే, పైన చెప్పిన 1940 డ్రగ్స్ చట్టం 26వ సెక్షన్ కింద కొన్నవాళ్లెవరైనా ఫీజు కట్టి గోలీని ప్రభుత్వ ల్యాబులో పరీక్ష చేయించుకోవచ్చు.

ఇమాటినిబ్‌ని భోజనంతో, పెద్ద గ్లాసు నీళ్లతో మింగాలి, లేకపోతే కడుపులో తిప్పుతుంది. మింగలేనివాళ్లు 400 మిల్లీగ్రాముల గోలీని 200 మిల్లీలీటర్ల నీళ్లలో కలుపుకుని వెంటనే తాగొచ్చు. టీబీ మందు రిఫాంపిసిన్ పడితే ఇమాటినిబ్ రక్తంలో నిలవదు, లివర్ దాన్ని గబగబా కరిగించేస్తుంది. అలాంటప్పుడు గోలీ నకిలీదని షాపువాడి మీద పడేముందు, వేరే మందులేం వాడుతున్నారో డాక్టర్‌కి చెప్పండి.

కంపెనీ మార్చితే మార్చిన తేదీ, బ్యాచ్ నంబరు రాసి పెట్టుకోండి. గోలీ ఒంట్లో పనిచేస్తోందో లేదో చివరికి చెప్పేది, రక్తంలో ఆ బీసీఆర్-ఏబీఎల్ ఎంత మిగిలిందో కొలిచే పీసీఆర్ రిపోర్టే. వైద్యం మొదలైన మూడు నెలలకు 10 శాతం లోపు, ఆరు నెలలకు 1 లోపు, ఏడాదికి 0.1 లోపు రావాలి. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి, రిపోర్టులో ఐఎస్ స్కేల్, అంటే అంతర్జాతీయ కొలత, అని ఉందో లేదో చూసుకోండి. రిపోర్టు వచ్చేదాకా ఖాళీ సీసా పారేయకండి, అంకె పెరిగితే బ్యాచ్ నంబరు అక్కరకొస్తుంది. బాగుంటే లేబుల్ చించేసి, మూత విడిగా, సీసా విడిగా పారేయండి. ఇంజెక్షన్ సీసాలైతే నర్సుని అడిగి, మీ కళ్ల ముందే లేబుల్ మీద పెన్నుతో అడ్డంగా కొట్టించండి.